ఆంగ్ల హల్లులు - తెలుగు చెవి, తెలుగు లిపి: ఉచ్చారణాభ్యాసంపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు మాతృభాషగా గలవారు ఆంగ్లం పలికేటప్పుడు కొన్ని హల్లులను మార్చి పలుకుతారని ఉచ్చారణ బోధన గ్రంథాలు పేర్కొంటాయి. సాధారణంగా ఈ మార్పులన్నింటినీ 'మాతృభాషా ప్రభావం' అనే ఒకే పేరుతో దోషాల పట్టికలో చేరుస్తారు. ఈ మార్పులు ఒకే కోవకు చెందినవి కావనీ, కొన్ని చెవి నిర్ణయించినవి, కొన్ని లిపి నిర్ణయించినవి, మరికొన్ని తెలుగు వర్ణవ్యవస్థలోని సూత్రాలు నిర్ణయించినవి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పోర్చుగీసు, ఉర్దూ, ఆంగ్ల భాషలనుంచి తెలుగులోకి వచ్చిన ఆదానపదాలను తులనాత్మకంగా పరిశీలించి, ఏ మార్పు అర్థభేదాన్ని నిలుపుతున్నదో, ఏది చెరుపుతున్నదో విడదీసి చూపడం దీని ఉద్దేశం. ఉచ్చారణ బోధనలో ఏ ధ్వనికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్న ప్రశ్నకు ఈ విభజన ఆధారం కాగలదు.

కీలకపదాలు: హల్లులు, ఆదానపదాలు, దంతమూలీయాలు, దంత్య చ-జలు, మహాప్రాణాలు, లిప్యంతరీకరణ, ఉచ్చారణ బోధన.

1. ఉపోద్ఘాతం

ఆంగ్ల వర్ణమాలలో హల్లులుగా లెక్కించే అక్షరాలు 21. దక్షిణ ఇంగ్లండు ప్రామాణిక ఉచ్చారణలోని హల్లు ధ్వనులు 24. అక్షరాల సంఖ్యకూ ధ్వనుల సంఖ్యకూ పొంతన లేకపోవడం ఆంగ్లం నేర్చుకొనేవారందరికీ ఎదురయ్యే చిక్కు. తెలుగు అభ్యాసకునికి దీనితోపాటు మరొక చిక్కు ఉంది. అతడు పెరిగిన లిపిసంప్రదాయంలో అక్షరమూ ధ్వనీ దాదాపు ఒకటే. రాసినది పలకడం, పలికినది రాయడం అతనికి అలవాటు. ఆంగ్లపదం వినగానే దాన్ని మనసులో తెలుగు అక్షరాలలోకి మార్చుకొని, ఆ అక్షరాలను తిరిగి పలుకుతాడు. అందువల్ల తెలుగువారి ఆంగ్లోచ్చారణ చరిత్ర కొంతవరకు ఆంగ్లపదాలను తెలుగు లిపిలో రాసుకున్న చరిత్ర కూడా.

తరగతిగదిలో ఈ చరిత్రకు చోటు లేదు. తెలుగు మాధ్యమంలో చదివి కళాశాలకు వచ్చిన విద్యార్థి 'ట' పలికినా, 'వ' పలికినా, 'జ' పలికినా ఒకే రకమైన తప్పు చేసినట్లు పరిగణన పొందుతాడు. తన నాలుకలోనే లోపం ఉందని అతడు నమ్మితే ఆ నమ్మకం క్రమంగా మౌనంగా మారుతుంది. ఆంగ్లశాఖలు ఉచ్చారణ ఫలితాన్ని చూస్తాయి. దాని కారణాన్ని వివరించే సామగ్రి తెలుగు వ్యాకరణంలోనూ, తెలుగు ఆదానపదాల చరిత్రలోనూ ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడవలసిన అవసరం ఉంది.

2. చెవి చేసిన నిర్ణయం: తువాలు - టవలు

ఆంగ్లంలోని 'టి', 'డి' అక్షరాల ధ్వనులు దంతమూలీయాలు. నాలుక కొన పైపళ్ల వెనుక ఉన్న చిగురు గట్టును తాకినప్పుడు ఇవి పుడతాయి. తెలుగులో ఆ స్థానంలో స్పర్శాలు లేవు. పళ్లను తాకే త, ద లు ఒకవైపు, నాలుక కొన వెనుకకు మడచి పలికే ట, డ లు మరొకవైపు ఉన్నాయి. ఆంగ్లధ్వని ఈ రెండింటి నడుమ ఉంటుంది. తెలుగువారు దాన్ని త-వర్గంలో కాక ట-వర్గంలో చేర్చుకున్నారు. కోర్టు, టిక్కెట్టు, రోడ్డు, డాక్టరు, కలెక్టరు వంటి మాటలన్నీ ఇందుకు సాక్ష్యాలు.

ఇది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి పోర్చుగీసు ఆదానపదాలు ఉపకరిస్తాయి. పోర్చుగీసు భాషలో త, ద లు దంత్యాలు. 1498లో వాస్కో డ గామా రాకతో మొదలైన సంపర్కం వల్ల ఆ భాషాపదాలు భారతీయ భాషలలోకి ప్రవేశించాయి. వాటిలో కొన్ని నేరుగా, కొన్ని ఇరుగుపొరుగు భాషలమీదుగా తెలుగును చేరాయి. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం ఏర్పరచుకున్నారు. ఈ రెండు యూరోపియన్ భాషల నుంచి ఒకే అర్థం గల మాటలు, లేదా ఒకే మూలానికి చెందిన మాటలు తెలుగులోకి వచ్చిన సందర్భాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

పోర్చుగీసు 'తొఆల్య' తెలుగులో 'తువాలు' అయింది; అదే అర్థం గల ఆంగ్లపదం 'టవలు' అయింది. పోర్చుగీసు 'బొతావ్' నుంచి 'బొత్తాము' వచ్చింది. ఆంగ్లంనుంచి 'బటను' వచ్చింది. పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి 'మేస్త్రీ' వచ్చింది. దానికి సోదరపదమైన ఆంగ్లశబ్దం 'మాస్టరు' అయింది. మొదటి వరుసలో అన్నీ దంత్యాలు, రెండవ వరుసలో అన్నీ మూర్ధన్యాలు. పాదిరి, ఇస్త్రీ వంటి మాటలు కూడా మొదటి వరుసనే బలపరుస్తాయి.

రోమను లిపిలో రెండు భాషలూ వాడింది ఒకే 'టి' అక్షరం. లిపిని బట్టి తెలుగువారు ధ్వనిని నిర్ణయించుకొని ఉంటే రెండు వరుసలూ ఒకేలా ఉండవలసింది. అలా జరగలేదు. పళ్లను తాకే ధ్వనికీ, పళ్లకు వెనుక పుట్టే ధ్వనికీ మధ్య ఉన్న భేదాన్ని తెలుగు చెవి గుర్తించింది. ఆంగ్లధ్వని పళ్లకు వెనుక పుడుతుంది, పలుకులో నాలుక కొన పాల్గొంటుంది. ఈ రెండు లక్షణాలలోనూ అది తెలుగు ట-కారానికి దగ్గర. కనుక ట, డ ల ఎంపికను ధ్వనిగ్రహణంలోని సూక్ష్మతకు నిదర్శనంగా భావించాలి.

ఈ ఎంపికవల్ల మరొక మేలు జరిగింది. ఆంగ్లంలో 'టి-హెచ్' జంటాక్షరం సూచించే రెండు ఊష్మధ్వనులు దంత్యాలు. ఆంగ్ల 'టి', 'డి' లు ట-వర్గానికి వెళ్లడంతో త-వర్గం ఖాళీగా మిగిలింది. ఆ చోటులో ఈ ఊష్మాలు కుదురుకున్నాయి. సన్నని అనే అర్థం గల 'థిన్', తగరం అనే అర్థం గల 'టిన్' తెలుగువారి నోట వేరువేరుగానే వినిపిస్తాయి. 'దెన్', 'డెన్' లు కూడా అంతే. నాలుగు ఆంగ్ల ధ్వనులకు నాలుగు తెలుగు ధ్వనులు ప్రత్యామ్నాయంగా నిలిచాయి. ధ్వనుల గుణం మారింది గాని అర్థభేదకశక్తి చెడలేదు. ఇంగ్లండు, అమెరికాలలో ఉచ్చరించే విధానానికి ఇది భిన్నం కావచ్చు. వ్యవస్థగా మాత్రం ఇది సంపూర్ణం.

3. లిపి చేసిన నిర్ణయం

చెవి ఇంత సూక్ష్మంగా పనిచేసినప్పటికీ అన్ని హల్లుల విషయంలోనూ నిర్ణయం దానిదే కాలేదు. 19వ శతాబ్దంలో ఆంగ్లవిద్య పాఠశాలల ద్వారా వ్యాపించింది. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పాఠశాల ప్రారంభించాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పటినుంచి ఆంగ్లం వినేభాషగా కంటే చదివేభాషగా ఎక్కువమందికి చేరింది. బోధించినవారిలో అధికసంఖ్యాకులు భారతీయులే. ఈ దశలో అక్షరం ధ్వనిపై పెత్తనం వహించింది.

3.1 టి-హెచ్ జంటాక్షరం
పై విభాగంలో చెప్పిన దంత్యోష్మాలలో శ్వాసధ్వనిని పదాదిని తెలుగులో 'థ'గా రాస్తాము: థియేటరు, థర్మామీటరు, థీసిస్. ఆంగ్లధ్వనిలో మహాప్రాణత్వం లేదు. ధ్వనిసామ్యమే ప్రమాణమైతే 'త' సరిపోయేది. పదాంతంలో మనం అలాగే రాస్తున్నాము కూడా: హెల్త్, నార్త్, బర్త్. పదాదిని 'థ' రావడానికి కారణం లిప్యంతరీకరణ సంప్రదాయంలో కనిపిస్తుంది. విలియం జోన్స్ 1788లో ఆసియా భాషల పదాలను రోమను లిపిలో రాసే విధానంపై ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. ఆ తరువాత స్థిరపడిన పద్ధతులలో సంస్కృత మహాప్రాణాలను 'హెచ్' చేర్చి రాయడం సాధారణమైంది. 'థ' కు 'టి-హెచ్' గుర్తుగా అలవాటుపడిన చదువరి, ఆంగ్లపదంలో అదే జంట కనిపించినప్పుడు దాన్ని 'థ'గా చదవడం సహజం.

నాదధ్వని విషయం ఈ ఊహను బలపరుస్తుంది. ఫాదర్, మదర్, బ్రదర్, లెదరు అన్న మాటలలో మనం 'ద' రాస్తాము. 'ధ' రాయడం అరుదు. ఆంగ్లంలో ఈ ధ్వనికి 'డి-హెచ్' అన్న రాత లేదు. అందువల్ల మహాప్రాణాన్ని గుర్తుచేసే అక్షరమేదీ చదువరి కంటపడలేదు. కన్ను జోక్యం చేసుకోనిచోట చెవి తన పని తాను చేసింది.

ఈ జంటాక్షరం తిరుగుప్రయాణం కూడా చేసింది. ఆంగ్ల 'టి' తెలుగువారికి 'ట' కావడంవల్ల 'త' ను రోమను లిపిలో రాయడానికి వేరే గుర్తు కావలసివచ్చింది. దక్షిణభారతంలో 'లత', 'గీత', 'స్వాతి' వంటి పేర్లను 'టి-హెచ్' తో రాయడం ఇందువల్లనే. ఉత్తరభారతంలో ఇవే పేర్లను ఎక్కువగా ఒంటి 'టి' తో రాస్తారు. ఫలితంగా 'స్వాతి' పేరును చూసిన ఆంగ్లభాషి దాన్ని దంత్యోష్మంతో పలుకుతాడు.

3.2 ఫ-కారం
అచ్చతెలుగులో మహాప్రాణాలు లేవని సంప్రదాయ వ్యాకరణాలు పేర్కొన్నాయి. 'ఫ' అక్షరం సంస్కృతపదాల కోసం వచ్చింది. దాని మూలోచ్చారణలో రెండు పెదవులూ కలిసి, ఊపిరితో విడివడతాయి. ఆంగ్ల 'ఎఫ్' ధ్వనిలో కింది పెదవి పైపళ్లకు ఆని, గాలి ఒరసుకుంటూ వెలువడుతుంది. ఈ రెండింటికీ ఒకే అక్షరం వాడడం ఆంగ్లంతో మొదలు కాలేదు. కుతుబ్‌షాహీల (1518-1687), అసఫ్‌జాహీల పాలనలో పారసీ, ఉర్దూ పదాలు పరిపాలనావ్యవహారం ద్వారా తెలుగులో స్థిరపడ్డాయి. ఫిర్యాదు, ఫకీరు, ఫసలీ, దఫా, తరఫు, సిఫారసు అలాంటివి. వీటిలో కొన్నింటికి పిర్యాదు, పకీరు, తరపు వంటి ప-కార రూపాలు నేటికీ ఉన్నాయి. చదువులేని నోట ప-కారం, చదివిన నోట ఫ-కారం నిలిచిన దశను ఈ జంటరూపాలు చూపుతున్నాయి.

ఆంగ్లపదాలు వచ్చేసరికి దారి సిద్ధంగా ఉంది. కాఫీ, ఆఫీసు, ఫీజు, ఫోను మొదలైన మాటలు ఆ దారినే నడిచాయి. క్రమంగా అన్యదేశ్యధ్వని అక్షరాన్ని ఆక్రమించింది. నేడు 'ఫలము', 'ఫలితము', 'ఫాల్గుణము' అనే తత్సమాలను సైతం అనేకులు ఆంగ్ల 'ఎఫ్' ధ్వనితోనే పలుకుతున్నారు. అందువల్ల నేటి తెలుగు విద్యార్థికి ఆంగ్ల 'ఎఫ్' కష్టం కాదు. అతడు కోల్పోయినది సంస్కృత ఫ-కారాన్ని.

3.3 ర-కారం, పరుషాలు
దక్షిణ ఇంగ్లండు ప్రామాణికోచ్చారణలో అచ్చు తరువాత, మరో అచ్చు పరం కానప్పుడు, ర-కారం పలకదు. తెలుగులో కారు, నంబరు, డాక్టరు అంటూ ర-కారాన్ని నిలుపుకున్నాము. రాతలో ఉన్నది కనుక పలికాము. భారతదేశానికి వచ్చిన స్కాట్లండు, ఐర్లండు వాసులు ర-కారం పలికేవారు కనుక వారి ప్రభావమూ దీనికి తోడై ఉండవచ్చు. ఏమైనా దీనివల్ల అర్థానికి హాని లేదు. అమెరికా ప్రామాణికోచ్చారణలో ఆ ర-కారం పలుకుతూనే ఉంది.

పరుషాల సంగతి అలా కాదు. ఆంగ్లంలో ఊనిక గల అక్షరం మొదట వచ్చే 'పి', 'టి', 'కె' ధ్వనులకు స్పష్టమైన ఊపిరి తోడవుతుంది. 'పెన్', 'టెన్', 'కెన్' లలోని తొలిధ్వనులు దాదాపు మహాప్రాణాలు. 'ఎస్' తరువాత వచ్చినప్పుడు మాత్రం ఈ ఊపిరి ఉండదు. ఠ, ఖ లు తెలుగు లిపిలో ఉన్నప్పటికీ మనం ఆంగ్లపదాలను పెన్ను, టీ, కప్పు అని అల్పప్రాణాలతోనే రాసుకున్నాము. రోమను లిపిలో 'హెచ్' లేనిచోట మహాప్రాణం లేదన్న లిప్యంతరీకరణ సూత్రమూ, అచ్చతెలుగులో మహాప్రాణాలు లేకపోవడమూ ఇక్కడ కలిసివచ్చాయి. ఊపిరి లేని 'పిన్' ను ఆంగ్లభాషి 'బిన్'గా పొరబడే అవకాశం ఉంది. ఎందుకంటే అతడు పదాదిని పరుషసరళాల భేదాన్ని ప్రధానంగా ఊపిరిని బట్టి గుర్తిస్తాడు. ట-కారం మూర్ధన్యమా, దంతమూలీయమా అన్నదానికంటే ఊపిరి ఉన్నదా లేదా అన్నదే అవగాహనకు ముఖ్యమవుతుంది.

4. తెలుగు వర్ణవ్యవస్థ చేసిన నిర్ణయం

4.1 దంత్య, తాలవ్య జ-కారాలు
తెలుగు చ, జ లకు రెండేసి ఉచ్చారణలు ఉన్నాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) దంత్యతాలవ్య చ-జలను సవర్ణాలుగా పేర్కొని, ఇ, ఈ, ఎ, ఏ లతో కూడినవి తాలవ్యాలనీ, తక్కిన అచ్చులతో దంత్యాలనీ వ్యవస్థ చేసింది. తత్సమాలు ఇందుకు మినహాయింపు. జడ, జామ, జోరు మొదలైన మాటలలోనిది దంత్యం. జిగురు, చెట్టు వంటి వాటిలోనివి తాలవ్యాలు. సి.పి.బ్రౌన్ తన తెలుగు-ఆంగ్ల నిఘంటువులో (1852) దంత్య చ-జలను రోమను లిపిలో వేరుగా గుర్తించి, తెలుగు నేర్చుకొనే ఆంగ్లేయులకు ఈ తేడాను చూపించాడు. ౘ, ౙ అనే అక్షరరూపాలు నిఘంటువులలో వాడుకలో ఉండేవి. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో వీటికి స్థానం లభించింది. నిత్యవ్యవహారపు రాతలో ఇవి నిలవలేదు.

ఆంగ్ల 'జెడ్' ధ్వనికి తెలుగులో జత లేదని సాధారణంగా అంటారు. ఈ మాట పాక్షికసత్యం. దంత్య జ-కారం స్పర్శతో మొదలై ఊష్మంగా ముగుస్తుంది. అచ్చుల నడుమ వేగంగా పలికినప్పుడు స్పర్శాంశం సడలి అది ఆంగ్ల 'జెడ్' ధ్వనికి మిక్కిలి చేరువ అవుతుంది. 'బజారు', 'రోజు' అన్న మాటలలో ఈ సంగతి గమనించవచ్చు. ఇవి మూలభాషలో ఊష్మధ్వని గల పారసీ పదాలే. అదే ఊష్మం ఇ-కారానికి ముందు వచ్చినప్పుడు తెలుగు సూత్రం దాన్ని తాలవ్యంగా మార్చింది. 'జిల్లా' ఇందుకు ఉదాహరణ.

ఆంగ్లపదాలలోనూ ఇదే జరుగుతున్నది. జంతుప్రదర్శనశాల అనే అర్థం గల 'జూ' ను మూలానికి కొంత దగ్గరగా పలికే విద్యార్థి 'జీరో' వద్దకు వచ్చేసరికి తాలవ్యం పలుకుతాడు. కనుక అతనికి లేనిది ధ్వని కాదు. ఆ ధ్వనిని ఇ, ఈ, ఎ, ఏ లకు ముందు పలికే అలవాటు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, ప్రత్యేకించి 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత, ఉర్దూ చదివిన తెలుగువారికి ఈ ఊష్మం అన్ని అచ్చుల ముందూ పరిచితమే. 'తెలుగువారి ఉచ్చారణ' అని ఏకవచనంలో మాట్లాడడం ఎంతవరకు తగునో ఈ ప్రాంతభేదం ఆలోచింపజేస్తుంది.

4.2 వ, య లు
ఆంగ్లంలో 'వి' దంత్యోష్ఠ్య ఊష్మం. 'డబ్ల్యు' రెండు పెదవులను గుండ్రంగా చుట్టి పలికే అంతస్థం. తెలుగులో ఉన్నది ఒకటే వ-కారం. కింది పెదవి పైపళ్లను తాకీతాకనట్లు ఉండే ఈ ధ్వని ఆ రెండింటికీ మధ్యస్థం. తీగ అనే అర్థం గల ఆంగ్లపదాన్నీ, ద్రాక్షసారాయి అనే అర్థం గల ఆంగ్లపదాన్నీ తెలుగు లిపిలో రాస్తే రెండూ 'వైన్' అవుతాయి. భేదాన్ని చూపించే మార్గమే లిపిలో లేదు. ఇది 'థిన్ - టిన్' వంటిది కాదు. అక్కడ భేదం నిలిచింది, ఇక్కడ పోయింది.

దీనికి తోడు తెలుగులో పదాది ఒ, ఓ లకు ముందు వ-కారమూ, ఎ, ఏ లకు ముందు య-కారమూ అప్రయత్నంగా వచ్చిచేరుతాయి. ఒకటి - వొకటి, ఎనిమిది - యెనిమిది అనే జంటరూపాలు పాతరాతలలో విరివిగా కనిపిస్తాయి. అర్థభేదం లేకపోవడంవల్ల తెలుగువారికి వొ - ఒ, యె - ఎ లు ఒకటే. ఆంగ్లపదాలకూ ఈ సూత్రమే వర్తించింది. పట్టభద్రులు తమ బిరుదును 'యం.ఏ.' అని రాసుకోవడం, ఇంటిపేరులోని 'ఎస్' అక్షరాన్ని 'యస్' అనడం ఇందువల్లనే. వ్యతిరేకదిశలో ఆంగ్ల 'వోటు' మనకు 'ఓటు' అయింది. మూలంలో అర్థభేదకమైన హల్లును తెలుగు చెవి అప్రయత్నధ్వనిగా భావించి వదిలివేసింది. సంవత్సరం, చెవి అనే అర్థాలు గల రెండు ఆంగ్లపదాలూ 'ఇయర్'గా కలిసిపోవడంలో ఉన్నదీ ఈ సూత్రమే.

5. ఉచ్చారణశాస్త్రం: లండన్ నుంచి హైదరాబాదుకు

ధ్వనులను అక్షరాలనుంచి విడదీసి చూసే శాస్త్రం ఐరోపాలో 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో బలపడింది. హెన్రీ స్వీట్ ధ్వనిశాస్త్ర కరదీపిక 1877లో వెలువడింది. పాల్ పాసీ ఆధ్వర్యంలో 1886లో భాషోపాధ్యాయులు స్థాపించిన సంఘం అంతర్జాతీయ ధ్వనిలిపికి మూలమైంది. డేనియల్ జోన్స్ ఆంగ్ల ఉచ్చారణ నిఘంటువు 1917లో వచ్చి, ఒక ఉచ్చారణను ప్రపంచమంతటా అభ్యాసకులకు ప్రమాణంగా నిలిపింది.

తెలుగునాట ఈ దృష్టి వేరొక రూపంలో ప్రవేశించింది. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తరకోస్తా పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఎ.యేట్స్ జీవద్భాష బోధనను గురించి లేవనెత్తిన ప్రశ్నలు గిడుగు రామమూర్తి, గురజాడ, పి.టి.శ్రీనివాస అయ్యంగారులను ఆలోచింపజేశాయి. అవి వ్యావహారిక భాషోద్యమానికి ఒక ప్రేరణ అయ్యాయి. ధ్వనులను విని, విడదీసి, రాసుకొనే పనిని గిడుగు సవర భాషలో చేసి చూపించారు. నోటిపలుకే భాషకు ఆధారమన్న ఆ దృష్టి తెలుగు రచనను మార్చింది కానీ, ఆంగ్లబోధనలోకి ప్రవేశించలేదు. అక్కడ అక్షరమే ఆధారంగా కొనసాగింది.

1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్లసంస్థ ఏర్పడడంతో ఉచ్చారణ బోధన సంస్థాగతరూపం పొందింది. 1972లో విదేశీభాషలను కలుపుకొని పేరు మార్చుకున్న ఈ సంస్థ, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇక్కడ పనిచేసిన ఆర్.కె.బన్సల్ భారతీయుల ఆంగ్లం ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందన్న అంశంపై చేసిన పరిశోధన 1969లో ప్రచురితమైంది. ప్రశ్న స్వరూపమే ఇక్కడ మారింది. 'ఈ ఉచ్చారణ ఇంగ్లండువారిదిలా ఉన్నదా?' అన్నదాని స్థానంలో 'ఈ ఉచ్చారణ వినేవారికి అర్థమవుతున్నదా?' అన్నది వచ్చింది. 2000లో జెన్నిఫర్ జెంకిన్స్ అంతర్జాతీయ వ్యవహారానికి అవసరమైన ధ్వన్యంశాలను విడదీసినప్పుడు, దంత్యోష్మాలను అనివార్యాల జాబితాలో చేర్చలేదు. పదాది పరుషాల ఊపిరిని చేర్చారు. మొదటిదానికోసం ఎన్నో గంటలు వెచ్చించి, రెండవదాన్ని ప్రస్తావించని బోధన ఈ వెలుగులో పునఃపరిశీలనకు లోనుకావాలి.

6. బోధనకు అన్వయం

పై చర్చను బట్టి తెలుగు విద్యార్థి ఆంగ్లహల్లులను మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది గుణం మారినా భేదం నిలిచిన తరగతి: ట, డ, థ, ద, ర. రెండవది భేదం చెరిగిన తరగతి: వి - డబ్ల్యు, పదాది య-కారం, ఇ-ఎలకు ముందు జెడ్. మూడవది లిపి దాచిన తరగతి: పరుషాల ఊపిరి. కాలం పరిమితమైనప్పుడు రెండవ, మూడవ తరగతులకే ప్రాధాన్యం దక్కాలి.

వాటిని నేర్పడానికి కావలసిన సాధనాలు కూడా విద్యార్థి భాషలోనే ఉన్నాయి. 'బజారు'లోని జ-కారాన్ని సాగదీసి నిలిపి, అదే ధ్వనిని ఈ-కారానికి ముందుకు తెస్తే 'జీరో' సరిగా పలుకుతుంది. 'ఊ' పలకడానికి పెదవులు చుట్టి, పళ్లు తగలకుండా వెంటనే తరువాతి అచ్చుకు జారితే 'డబ్ల్యు' ధ్వని వస్తుంది. 'ఫ' పలికే స్థితిలోనే పెదవిని నిలిపి గొంతులో నాదం చేర్చితే 'వి' అవుతుంది. 'ఖ' లోని ఊపిరిని గుర్తుచేసి 'కెన్' పలికించవచ్చు.

భూతకాల ప్రత్యయమైన 'ఇ-డి' విషయంలోనూ తెలుగు వ్యాకరణజ్ఞానం ఉపయోగపడుతుంది. అక్షరాన్ని నమ్మిన విద్యార్థి 'లుక్డ్' అంటాడు. శ్వాసధ్వని తరువాత అది శ్వాసధ్వనిగా మారి 'లుక్ట్' కావాలి. పక్కధ్వనిని బట్టి శ్వాసనాదాలు మారడం అతనికి కొత్త కాదు. వాక్, ఈశుడు కలిసి వాగీశుడు కావడాన్ని అతడు పాఠశాలలోనే చదువుకున్నాడు. బహువచనంలో 'క్యాట్స్' లో స-కారం, 'డాగ్జ్' లో నాదోష్మం రావడానికీ కారణం ఇదే. సంధిసూత్రాన్ని పరీక్షకు మాత్రమే చదివిన విద్యార్థికి దాని ప్రయోజనం ఇక్కడ ప్రత్యక్షమవుతుంది.

7. ముగింపు

1. పోర్చుగీసు, ఆంగ్ల ఆదానపదాల తులన తెలుగువారి ట, డ లు జాగ్రత్తగా విన్న చెవి ఫలితమని నిరూపిస్తున్నది. దాన్ని దోషంగా పరిగణించనవసరం లేదు.

2. థ-కారం, ర-కారం, అల్పప్రాణ పరుషాలు అక్షరం ద్వారా వచ్చిన ఉచ్చారణలు. ఫ-కారానికి ఆంగ్లంకంటే ముందే ఉర్దూ-పారసీ సంపర్కం దారి వేసింది.

3. జ, వ, య ల విషయంలో తెలుగు వర్ణసూత్రాలే ఆంగ్లపదాలపై పనిచేశాయి. అర్థభేదం నిజంగా చెరిగినది ప్రధానంగా ఇక్కడే.

4. ప్రాంతాన్ని బట్టి, చదివిన మాధ్యమాన్ని బట్టి తెలుగువారి ఆంగ్లహల్లులు భిన్నంగా ఉంటాయి. ఒకే దోషపట్టిక అందరికీ వర్తించదు.

5. ఉచ్చారణ బోధనలో ప్రాధాన్యం నిర్ణయించడానికి అర్థభేదం నిలిచిందా, చెరిగిందా అన్నదే గీటురాయి కావాలి.

తెలుగు శాఖలు ధ్వనిశాస్త్రాన్ని భాషాచరిత్ర పత్రంలో బోధిస్తున్నాయి. ఆంగ్లశాఖలు భాషాప్రయోగశాలలో సాధన చేయిస్తున్నాయి. విద్యార్థి ఒక్కడే, అతని నాలుకా ఒక్కటే. దంత్య జ-కారాన్ని వివరించే తెలుగు అధ్యాపకుడు 'జెడ్' ధ్వనికి తొలిపాఠం చెబుతున్నట్లే. ఈ రెండు తరగతిగదుల నడుమ రాకపోకలు ఏర్పడితే, తన పలుకుకు కారణం తెలిసిన విద్యార్థి దాన్ని మార్చుకోవలసినచోట మార్చుకోగలడు. మార్చుకోనవసరం లేనిచోట సంకోచం లేకుండా మాట్లాడగలడు.